ఒకే కడ్డీ, పన్నెండు ముక్కలు

కోచింగ్ సెంటర్లతో నిండిన అమీర్‌పేటలో వీపున బ్యాగు, మెడలో ఐడీ కార్డు వేసుకుని నడిచే ఏ ఆడపిల్లనైనా లోకం అడిగే ప్రశ్న ఒక్కటే, "ఏం కోర్సు?" మెట్రో మెట్ల కింద కాగితాలు పంచేవాళ్ళు అడుగుతారు. జిరాక్స్ షాపావిడ అడుగుతుంది. ఇడ్లీ బండి ఆయన అడుగుతాడు. మేము ఆ కోచింగ్ బోర్డుల వెనక సందులోనే నా చిన్నప్పటి నుంచీ ఉంటున్నాం, అయినా నన్ను అడగడం ఎవరూ మానలేదు. "కోర్సు కాదండీ, పీహెచ్‌డీ" అంటే "దేంట్లో?" అంటారు. "లోహాలు ఎలా విరుగుతాయో చూస్తాను" అనగానే ముఖాల్లో జాలి కనబడుతుంది. ఇడ్లీ బండి ఆయనైతే ఒకరోజు నిజంగానే బాధపడి, "ఇరగ్గొట్టుడుకు సుత సదువు కావాల్నా అమ్మా?" అని ఇంకో గరిటెడు చట్నీ వేశాడు.

మా అమ్మ అంతకంటే ఘాటు. "చిన్నప్పుడు గాజు గ్లాసులు పగలగొడితే వీపు విమానం మోత మోగించాను. అదే పనికి ఇప్పుడు స్టైపెండ్ ఇస్తున్నారు. ముందే తెలిస్తే ఇంకో డజను గ్లాసులు కొనిచ్చేదాన్ని కదే!"

నా పని నిజానికి చెప్పుకోవడానికి చాలా చిన్నది. బైండింగ్ వైరును ఒక్కసారి వంచితే విరగదు. అటూ ఇటూ వంచుతూ పోతే ఎప్పుడో ఒకప్పుడు టప్పున విరుగుతుంది. ఆ ఎప్పుడో అన్నది ఎప్పుడు, మొదటి పగులు ఎక్కడ పుట్టింది అన్నదే నా నాలుగేళ్ళ చదువు. పంజాగుట్ట చౌరస్తా వెనక వీధిలో ఉన్న మా ల్యాబులో ఒక యంత్రం అల్యూమినియం మిశ్రలోహపు ముక్కను రెండు కొసలా పట్టుకుని లాగుతూ, వదులుతూ, లాగుతూ, వదులుతూ ఉంటుంది. ముక్క విరిగేదాకా ఎన్నిసార్లు లాగిందో లెక్కపెడుతుంది. దానికి ఉన్న ఓపికలో పదో వంతు నాకుంటే ఈ కథ రాయాల్సిన అవసరమే వచ్చేది కాదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

ఆ ముక్కలు తయారుచేసి ఇచ్చేది సనత్‌నగర్‌లో ఒక చిన్న లేత్ షాపు. ఒక లేత్, ఒక డ్రిల్లింగ్ మిషను, గోడకి రోజుకో కాగితం చింపే క్యాలెండరు. అంతే. ఓనరూ, పనివాడూ ఒక్కడే. నలభై అయిదు దాటిన మనిషి, మా విద్యార్థులందరికీ ఆయన లేత్ అన్న. అబ్బాయిలని తమ్మీ అని, నన్ను చెల్లె అని పిలిచేవాడు. నాకు అన్నదమ్ములు లేరు. ఆ పిలుపు అలవాటైపోయి, అది నాకు దొరికిన కానుకని కూడా గమనించలేదు.

మొదటిసారి వెళ్ళినప్పుడు ముక్క మధ్యభాగం ఎలా నునుపు చేయాలో నేను పుస్తకంలో చదివింది చెప్పబోయాను. ఆయన అప్పటికే సన్నటి ఎమెరీ కాగితం పట్టుకుని నిలువుగా రుద్దుతున్నాడు. "అడ్డం గీత ఉంటే గాడనే ఇరుగుతది చెల్లె. నిలువు గీతతోని ఫికర్ లేదు," అన్నాడు. మా పాఠ్యపుస్తకం మూడు పేజీల్లో చెప్పిన సంగతి అదే. పని అయ్యాక ఒక్కో ముక్కనీ ఒక్కో క్యాలెండరు కాగితంలో చుట్టి ఇచ్చేవాడు. గడిచిన తేదీల కాగితాల్లోనే. ఒకసారి కాగితం తక్కువై నేను రేపటిది చింపబోతే నా చెయ్యి పట్టి ఆపాడు. "రాని దినం చింపొద్దు. జర ఆగు, సాయంత్రమైతది గదా!"

నాలుగో ఏడు వచ్చేసరికి నా దగ్గర ఒకే ఒక్క కడ్డీ మిగిలింది. ఆ కడ్డీలన్నీ ఒక ఫ్యాక్టరీవాళ్ళు తమ దగ్గర మిగిలినవి మాకు ఇచ్చినవి, అన్నీ ఒకే కరిగింపులో పోతపోసినవి. వేరే కడ్డీ తెస్తే, నిన్నటి పులుసులో ఇవాళ్టి పులుసు కలిపి రుచి తేల్చమన్నట్టు ఉంటుంది. ఆ ఒక్క కడ్డీ నుంచి లేత్ అన్న పన్నెండు ముక్కలు తీశాడు. ఆ పన్నెండింటి మీదే నా చివరి అధ్యాయం ఆధారపడి ఉంది. అవి పోతే నాలుగేళ్ళ పని సగంలో ఆగిపోతుంది.

ముక్కలు తెచ్చుకోవడానికి నేను వెళ్ళింది ఆయుధపూజ నాడు. లేతును కడిగి బంతిపూల దండ వేశాడు. చక్రాల దగ్గర నిమ్మకాయలు పెట్టాడు. స్పానర్లు, కొలతలు తీసే వెర్నియరు, సుత్తి పీట మీద వరుసగా పడుకున్నాయి. నాకు దేవుడి మీద నమ్మకం సరిగ్గా అవసరాన్ని బట్టి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, ఆరోజు బాగా పెరిగి ఉంది. "అన్నా, నా ముక్కలు కూడా పూజలో పెడతాను," అన్నాను.

"పెట్టు చెల్లె. అయి సుత ఆయుధాలే గదా!"

బ్యాగులో మా అమ్మ చేసిన కుంకుమ భరిణె ఉంది. మా అమ్మకి కొన్న కుంకుమ అంటే పడదు, అందులో రంగులు కలుపుతారట. పసుపులో తమలపాకుల కొట్లో దొరికే సున్నం కలిపి తనే చేస్తుంది. నేను కుంకుమను నీళ్ళతో తడిపి పన్నెండు ముక్కలకీ పన్నెండు బొట్లు పెట్టాను. ఇంజనీరును కదా, ఒక్కటి కూడా పక్కకి పోకుండా సరిగ్గా నడిమధ్యలో పెట్టాను. పూజలో పెట్టిన సామాను పండగ పోయేదాకా కదపకూడదన్నాడు అన్న. అది వాళ్ళ షాపు పద్ధతి. షట్టరు వేసేశాం. ఆ నాలుగు రోజులూ ఒకటే వాన.

పండగ అయ్యాక నేనే స్పిరిట్‌తో ముక్కలన్నీ తుడిచాను. ఎర్రదనం పోయింది. మధ్యలో ఏదో మసకగా అనిపించింది కానీ వేలిముద్ర అనుకున్నాను. అన్న పన్నెండింటినీ కాగితాల్లో చుట్టి ఇచ్చాడు. ఆ కాగితాలన్నీ దసరా సెలవుల తేదీలే.

వారం రోజులైనా తట్టుకోవాల్సిన మొదటి ముక్క, నేను చౌరస్తాలో టీ తాగి వచ్చేసరికి విరిగి ఉంది. సరే, దీని రాత బాగాలేదనుకున్నాను. రెండోదీ అంతే. మూడోదీ అంతే. ఏడు ముక్కలు విరిగాక యంత్రం ఆపేశాను. విరిగిన అంచులను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే, ప్రతి పగులూ ఉపరితలం మీద ఒక చిన్న గుంట దగ్గర మొదలైంది. అక్కడ లోహాన్ని ఏదో తినేసింది. ఆ గుంటలో ఏముందని అదే పరికరంతో వెతికితే కాల్షియం దొరికింది.

కాల్షియం! మా మిశ్రలోహంలో అది లేదు. నాకు వెంటనే సనత్‌నగర్ బోరు నీళ్ళు గుర్తొచ్చాయి. అన్న షాపులో కుళాయి చుట్టూ తెల్లగా పేరుకున్న పొరను ఎన్నిసార్లు చూశాను! లేత్ మీద కోసేటప్పుడు వేడెక్కకుండా నూనె కలిపిన నీళ్ళు పోస్తారు. ఆ నీళ్ళే నా ముక్కల్ని తినేశాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను, అంత ఏడుపులోనూ.

మా గైడుగారు నెమ్మదైన మనిషి. అంతా విని, "ఖాయమేనా?" అని అడిగారు.

"ఖాయమే సార్."

"ఆయన్ని అడిగారా?"

"అడగడానికేముంది సార్? కాల్షియం కనబడుతోంది కదా."

ల్యాబు తలుపు పక్కన ఒక కాగితం అంటించి ఉంటుంది, ఏ పని ఏ షాపుకి ఇవ్వాలో చెప్పే జాబితా. నేనే ఎర్ర పెన్ను తీసుకుని లేత్ అన్న షాపు పేరు మీద అడ్డంగా గీత గీశాను. పక్కనే "నీళ్ళు బాగాలేవు" అని రాశాను. అప్పటినుంచి విద్యార్థులు పని వేరే చోటికి తీసుకెళ్ళడం మొదలుపెట్టారు. నేను చెప్తే నమ్మారు, సీనియర్‌ని కదా.

ఆ సాయంత్రం పంజాగుట్ట మెట్రో స్టేషను ప్లాట్‌ఫాం మీద నిలబడి అన్నకి ఫోన్ చేశాను. చేసింది అడగడానికి కాదు, కడిగేయడానికి. మీ బోరు నీళ్ళు నా నాలుగేళ్ళ చదువును తినేశాయన్నాను. ఇంకేవో చాలా అన్నాను.

"చెల్లె, జర ఇను. అల్యూమినియంకి నేను..."

రైలు వస్తోంది. "మీకివన్నీ అర్థం కావులెండి," అని ఫోన్ పెట్టేశాను. ఇంటికి చేరడానికి పట్టిన ఆ కాసేపూ నాకు ఎంత హాయిగా ఉందో ఇప్పటికీ గుర్తుంది. అది తలుచుకుంటేనే సిగ్గేస్తుంది.

వారం తర్వాత లేత్ అన్న మా ల్యాబుకి వచ్చాడు. అంతకుముందెప్పుడూ రాలేదు. ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకున్నాడు. ఒక చేతిలో వెర్నియరు పెట్టె, ఇంకో చేతిలో చిన్న ప్లాస్టిక్ డబ్బా. గైడుగారికి నమస్కారం పెట్టి, నా వైపు తిరిగి, "మేడం, ఇరిగిన ముక్కలు జర చూడొచ్చా?" అన్నాడు.

మేడం. నేను ముందు వినిపించుకోలేదు, పౌరుషంలో ఉన్నాను. ముక్కలు తెచ్చి బల్ల మీద పోశాను.

ఆయన డబ్బా మూత తీశాడు. గది నిండా కిరసనాయిలు వాసన. "సార్, ఇనుముకైతే నేను నీళ్ళు పోస్త. అల్యూమినియంకి నీళ్ళ చుక్క తగలనియ్య. గిదే పోస్త. మా నాయిన సుత గిట్లనే కోస్తుండె. బోరు నీళ్ళు గీ ముక్కలను ముట్టనే లేదు." మాటలో కోపం లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

గైడుగారు నా వైపు చూశారు. నేను గోడ వైపు చూశాను.

అన్న వెర్నియరు తీసి విరిగిన ఒక్కో ముక్కనూ కొలిచాడు. తొందర లేదు. ఏడూ కొలిచాక, "అన్నీ నడిమిట్లనే ఇరిగినయ్," అన్నాడు. "నా తప్పయితే ఒకటి గిక్కడ, ఒకటి గక్కడ ఇరగాలె. మిషిన్‌కి గింత పట్టింపు ఉండదు. గిది మనిషి చెయ్యి." తర్వాత విరగని అయిదు ముక్కల్లో ఒకదాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వెలుగులో మెల్లగా తిప్పాడు. తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగిపోయాడు. "గీడ మసక ఉన్నది చూడుండ్రి సార్. గుండ్రంగ, వేలి కొసంత. నీళ్ళ మరకైతే కారుతది. గిట్ల గుండ్రంగ నిలబడది."

ఆయన ఆ ముక్కని తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆయనకి అప్పటికే తెలిసిందని నా నమ్మకం. చెప్పడం నాకే వదిలేశాడు. పీట మీద వరుసగా పడుకున్న పన్నెండు ముక్కలు, సరిగ్గా నడిమధ్యలో పన్నెండు బొట్లు, నా వేలు, అన్నీ ఒక్కసారి కళ్ళముందుకి వచ్చాయి. పసుపూ సున్నమూ. సున్నంలో ఉండేది కాల్షియమేనని స్కూల్లోనే చదివాను. తడి సున్నం అల్యూమినియాన్ని తింటుందనీ చదివాను. అన్నీ చదివాను.

"సార్, అది నేనే పెట్టాను," అన్నాను. "కుంకుమ."

మరునాడు మా అమ్మ భరిణెలోంచి చిటికెడు తెచ్చి మైక్రోస్కోపు కింద పెట్టాం. అదే కాల్షియం. గైడుగారు తెర వైపు చూసి, "మీ అమ్మగారికి చెప్పండి, ఆవిడ కుంకుమలో కల్తీ లేదని రుజువైంది," అన్నారు. తర్వాత నవ్వు ఆపి, "దీన్ని థీసిస్‌లో రాయండి. ఏదో మలినం అని కాదు. కుంకుమ అనే రాయండి, ఎవరు పెట్టారో కూడా రాయండి," అన్నారు. ఆ మాటకి ఆరోజు ఏడుపొచ్చింది. ఈరోజు ఆయనకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఇంట్లో చెబితే మా అమ్మ ముందు తన కుంకుమ పక్షాన పోట్లాడింది. ఆ ఏడు రంగు బాగా రావాలని సున్నం ఒక చిటికెడు ఎక్కువే వేసిందని చివరికి ఒప్పుకుంది. ఆ తర్వాత ఒక్క ప్రశ్న వేసింది. "ఇంతకీ ఆ లేత్ ఆయన్ని ఏమన్నావు?"

చెప్పాను. నేను ఫోన్లో అన్న మాటలన్నీ చెప్పాను. చివరి మాట కూడా.

"కుంకుమ తుడిస్తే పోయిందనుకున్నావు," అంది అమ్మ. "మాటనైతే అలా పైపైన కూడా తుడవలేవు. వెళ్ళు, వెళ్ళి చెప్పిరా."

ముందు జాబితా కాగితం చింపి, కొత్తది రాసి, ఆయన షాపు పేరు మళ్ళీ ఎక్కించాను. విద్యార్థులందరి దగ్గరికీ వెళ్ళి తప్పు నాదని ఒక్కొక్కరికీ చెప్పాను. కొంతమంది నవ్వారు, కొంతమందికి అప్పటికే వేరే షాపు అలవాటైంది. ఆ తర్వాత షేర్ ఆటో ఎక్కి సనత్‌నగర్ వెళ్ళాను. దారంతా వల్లించుకున్న మాటలు షాపు ముందు దిగగానే ఎటు పోయాయో పోయాయి. "అన్నా, తప్పైపోయింది," అని మాత్రం అనగలిగాను.

ఆయన లేతు ఆపాడు. చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. "నీళ్ళ మాట నేను పట్టించుకోలె మేడం. పనిల తప్పు ఎవ్వరికైన అయితది. అర్థం కాదన్నరు సూడుండ్రి, గది గుచ్చింది. ముప్పై ఏండ్లాయె గీ పని చెయ్యవట్టి."

నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఆయన కంగారుపడిపోయి స్టూలు తుడిచి, "కూసోండ్రి, కూసోండ్రి," అని, ఎదురు కొట్టుకి కేకేసి చాయ్ తెప్పించాడు. నేను చాయ్ తాగుతుంటే బల్ల కింద సొరుగు లాగి, క్యాలెండరు కాగితాల్లో చుట్టిన పొట్లాలు నాలుగు తీసి నా ముందు పెట్టాడు. విప్పి చూశాను. పన్నెండు ముక్కలు తీశాక నా కడ్డీలో మిగిలిన కొసలు.

"ఒకరి మాలు నేను తుక్కుల ఎయ్య. పని అయినంక అడిగి ఇస్త. గీటిల పెద్ద ముక్కలు రావు గని, చిన్నయి నాలుగు ఎల్తయ్. సరిపోతయా మేడం?"

సరిపోతాయి. చిన్న ముక్కలతో చేసే పద్ధతి కూడా ఉంది. నేను ఆయన్ని జాబితాలోంచి కొట్టేసిన ఆ వారమంతా నా కొసలు ఆయన సొరుగులో భద్రంగా ఉన్నాయి. కోపంలో ఒక్క విసురు విసిరితే తుక్కులో కలిసిపోయేవి. ఆ ఆలోచనే ఆయనకి రాలేదు. నా చదువు నిలబడింది ఆ సొరుగులో. ఇది నేను ఎవరితోనైనా, ఎక్కడైనా చెప్తాను.

ఆ నాలుగు ముక్కలూ కిరసనాయిలుతోనే కోశాడు, నిలువుగానే రుద్దాడు. ఈసారి నేను చేతులకి తొడుగులు వేసుకుని తెచ్చుకున్నాను. అవి నిలబడవలసినన్ని రోజులు నిలబడి, ఎక్కడ పడితే అక్కడ, న్యాయంగా విరిగాయి. బొట్టు పెట్టిన ముక్కలూ వృథా పోలేదు. చిన్న గుంట ఆయుష్షును ఎంత తగ్గిస్తుందో అవే చూపించాయి. థీసిస్‌లో కుంకుమ అనే రాశాను. వైవాలో బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు ఆ పేజీ దగ్గర ఆగి, "ఇది ఎవరు కనిపెట్టారు?" అని అడిగారు. "మా లేత్ అన్న" అని చెప్పాను. ఆయన ఆ మాట రాసుకున్నారు.

కృతజ్ఞతల పేజీలో గైడుగారి తర్వాత లేత్ అన్న పేరే ఉంటుంది. అచ్చు వేయించి తీసుకెళ్ళి చూపించాను. ఇంగ్లీషులో ఉన్న తన పేరు మీద ఒకసారి వేలు పెట్టి చూసుకున్నాడు, కింద నూనె మరక పడింది. "మస్తుగున్నది మేడం," అన్నాడు. సంతోషంగానే అన్నాడు. ఆ పుస్తకాన్ని క్యాలెండరు కాగితాల్లో చుట్టి బీరువాలో పెట్టుకున్నాడు కూడా. అన్నీ బాగున్నాయి, ఆ ఒక్క పిలుపు తప్ప. ఏడాదిగా ప్రతిసారీ మేడం. అందులో ఎత్తిపొడుపు లేదు, పగ లేదు. అందుకే ఇంకా కష్టంగా ఉండేది. పిలుపు మార్చమని మనిషిని అడగలేం కదా.

ఈ దసరాకి ఆయుధపూజ నాడు అమ్మని వెంటపెట్టుకుని వెళ్ళాను. అమ్మ పులిహోర డబ్బా పట్టుకుంది. భరిణె నా చేతిలో ఉంది. లేతుకి బంతిపూల దండ, చక్రాల దగ్గర నిమ్మకాయలు, పీట మీద స్పానర్లు, అంతా పోయినేడు లాగే. షాపు గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయాను. భరిణెతో లోపలికి వెళ్ళడానికి మనసొప్పలేదు.

అన్న అగరుబత్తులు వెలిగిస్తూ వెనక్కి తిరిగాడు. ముందు భరిణెను చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

"ఆడనే నిలబడ్డవేంది? లోపలికి రా, బొట్టు నువ్వే పెట్టు," అన్నాడు. "పోరగాండ్ల ముక్కలన్నీ నేను బీరువాల పెట్టి తాళమేసిన. ఫికర్ చెయ్యకు చెల్లె."